ఇంటర్న్‌కీ జీతగాడికీ తేడా ఏమిటి?



ప్రతి ఏడూ వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించి, ఉద్యోగాల గురించి వ్యాసాలు వస్తుంటాయి. అవి రావలసినవే. ఈసారి మేము కొంచెం వేరే సంగతి రాస్తున్నాం. మేము అంటే ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, తర్వాత వ్యవసాయ కోర్సుల్లో చేరిన నలుగురం. ఇద్దరం అగ్రికల్చర్ బీఎస్సీ, ఇద్దరం వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా. కోర్సులు ముగిశాక ఒక ఖరీఫ్ కాలం చిన్న కమతాల మీద ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుని పని నేర్చుకుందామని వెళ్ళాం. దీన్నే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు. ముగ్గురం ఒకచోట ఉన్నాం, ఒకరు మరోచోట ఉన్నారు. నలుగురం కూర్చుని మాట్లాడుకుని రాసిన వ్యాసం ఇది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. నాలుగు రకాల పంటలు, నాలుగు పశువులు ఉన్న చిన్న కమతంలో ఉండి నేర్చుకోవడం మన హాస్టల్ పిల్లలకు పనికొచ్చే చదువే. అయితే ఇంటర్న్ అని కొత్త పేరు పెట్టినంత మాత్రాన పాత జీతగాడి పని చదువైపోదు. ఆ పొలం లెక్క మనకు తెలియాలి. ఆ పొలంలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో మనకు చెప్పాలి. అది లేనప్పుడు ఇంటర్న్‌షిప్ అంటే కూలి ఇవ్వని కూలిపని, అంతే.

ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న

పొలంలో ఉండి పని నేర్చుకుంటామని చెప్పగానే మా నలుగురి ఇళ్ళలోనూ ఇంచుమించు ఒకే మాట వచ్చింది. "పేడ ఎత్తేదానికేనా నిన్ను ఇన్నేళ్ళు హాస్టల్లో చదివిచ్చింది?"

ఈ మాటను పెద్దవాళ్ళ చాదస్తమని తీసిపారేయకూడదు. మా తాతల్లో ముగ్గురు జీతగాళ్ళు. కోస్తా వైపు పాలేరు అంటారు, మా వైపు జీతగాడు అంటారు. కోడి కూయకముందే లేచి దొడ్డి శుభ్రం చేయాలి, మేత వేయాలి, మడక కట్టాలి, రాత్రి మళ్ళీ పశువుల దగ్గరే పడుకోవాలి. తాత చేసిన అప్పు నాయన మెడకు చుట్టుకున్న ఇళ్ళు మన వాడల్లో లెక్కలేనన్ని. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం వచ్చిన తర్వాత కూడా అది మన ఊళ్ళదాకా నడిచి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లవాడికి ఎవరి దొడ్డిలోనూ కాకుండా తనకంటూ దొరికిన మొదటి చోటు ఈ హాస్టల్ గది.

రాజ్యాంగ సభలో 1948 నవంబరు 4న బాబాసాహెబ్ అంబేడ్కర్ మాట్లాడినప్పుడు పల్లెటూరిని పొగిడేవాళ్ళకు గట్టిగా సమాధానం చెప్పారు. ఊరిని ఆయన ఊరి బయట నుంచి చూశారు కాబట్టి ఆ మాట చెప్పగలిగారు. మన అమ్మానాన్నలు అడిగే ప్రశ్న కూడా అక్కడి నుంచి వచ్చిందే. దానికి జవాబు చెప్పగలిగితేనే మనం పొలానికి వెళ్ళాలి.

ఈ ఇంటర్న్‌షిప్ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1971లో ఇంగ్లండులో లండన్ నగరంలో పనిచేసే ఒక ఉద్యోగిని, వారాంతాల్లో సేంద్రియ పొలాల్లో పనిచేసి, బదులుగా భోజనం, వసతి పొందే ఏర్పాటు మొదలుపెట్టింది. అదే వూఫ్ అనే పేరుతో తర్వాత దేశదేశాలకు పాకింది. జపాన్‌లో షికోకు దీవిలో మసనోబు ఫుకువోకా కొండ మీది తోటలో కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యువకులు గుడిసెల్లో ఉండి పనిచేసేవారు. 1975లో వచ్చిన ఆయన పుస్తకాన్ని మన దగ్గర ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు చాలామంది చదివారు. ఇవన్నీ మంచివే. కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమందికి మట్టి కొత్త. నచ్చకపోతే తిరిగి వెళ్ళడానికి వాళ్ళకొక ఇల్లు, ఒక ఉద్యోగం ఉంటాయి. పేడ తట్ట ఎత్తినంత మాత్రాన వాళ్ళను ఎవరూ జీతగాళ్ళు అనరు. మనం ఎత్తితే అంటారు. ఏర్పాటు ఒకటే అయినా వాళ్ళకూ మనకూ తేడా అక్కడుంది.

మన రాష్ట్రాల్లోనూ ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో బీఎస్సీ చివరి ఏడాది విద్యార్థులు కొన్ని నెలలు పల్లెలో ఉండి ఒక రైతుకు తోడుగా పని నేర్చుకుంటారు. అందరూ రావెప్ అని పిలిచేది దీన్నే. 2015 నుంచి దేశమంతటా స్టూడెంట్ రెడీ అనే కార్యక్రమంలో దీన్ని భాగం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వ్యవసాయ పట్టభద్రులను ఫెలోలుగా తీసుకుని, ఊళ్ళో కాపురం ఉంచి, వాళ్ళ చేత కూడా సొంతంగా పంట పెట్టించారు. కాబట్టి దారి ఉంది. ఆ దారిలో మనం ఎలా నడవాలన్నదే ప్రశ్న.

పది రకాల పనులున్న చేను

మాలో ముగ్గురం ఉన్న చోటు అనంతపురం వైపు. భార్యాభర్తలు ఇద్దరే చేసుకునే నాలుగున్నర ఎకరాల కమతం. రెండున్నర ఎకరాలు వానాధారం, ఎకరం బోరు కింద కూరగాయలు, పశుగ్రాసం, మిగిలిన ఎకరంలో మామిడి. రెండు ఆవులు, పన్నెండు గొర్రెలు, కొన్ని నాటుకోళ్ళు. దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. అంటే రెండున్నర ఎకరాలకు కొంచెం ఎక్కువ. నూటికి 86 కమతాలు చిన్న, సన్నకారు రైతులవే. ఆ లెక్కన ఇది మరీ చిన్నదేమీ కాదు.

ఆ జిల్లా సంగతి తెలిసిన వాళ్ళకు ఈ పొలం ఎందుకు వేరో వెంటనే అర్థమవుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, లక్షల హెక్టార్లలో ఒక్క వేరుశనగే వేశారు. కాయ ఊరే సమయానికి వాన మొహం చాటేస్తే ఏడాది మొత్తం పోయినట్టే. ఆ తర్వాత బెంగళూరు బస్సు ఎక్కడమే. వేరుశనగ ఏడాదికి ఒక్కసారే డబ్బు చూపిస్తుంది. అప్పు మాత్రం ప్రతి నెలా వడ్డీ అడుగుతుంది.

ఈ దంపతుల చేనులో వేరుశనగ ఉంది. కానీ సాళ్ళ మధ్య కంది ఉంది, అలసంద ఉంది, అనుము ఉంది. చుట్టూ జొన్న, గెనిమల వెంట ఆముదం. ఎందుకిలా అంటే, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కాలం. ఆకుకూర నెల తిరగకుండా చేతికొస్తుంది. అలసంద రెండు రెండున్నర నెలలకు కోతకొస్తుంది. వేరుశనగకు మూడున్నర నెలలు కావాలి. కందికి ఐదారు నెలలు. జూలై చివర్లో వాన ఆగిపోయి వేరుశనగ దెబ్బతిన్నా, సెప్టెంబరులో పడే వానకు కంది లేచి నిలబడుతుంది. కోడి పొదిగితే 21 రోజులకు పిల్లలు. గొర్రె చూలుకు ఐదు నెలలు. ఆవుకు తొమ్మిది నెలల పైన. ఇన్ని రకాల కాలాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటే నెలకొకసారైనా ఇంట్లోకి ఏదో ఒకటి వస్తుంది. చిన్న రైతుకు బీమా ఇదే.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇక్కడ ఒకదాని చెత్త మరొకదానికి తిండి. శనగకట్టె, జొన్నచొప్ప ఆవులకు పోతాయి. ఆవుల పేడ, పంచితం జీవామృతానికి వస్తాయి. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు చేని గట్టు మట్టి కలిపి, రెండు రోజులు పులియబెట్టి, రోజూ పొద్దున సాయంత్రం కర్రతో కలియదిప్పాలి. కోత అయిన చేలో గొర్రెలను మంద కడితే ఎరువు బండి అవసరం తగ్గుతుంది. కోళ్ళు మామిడి చెట్ల కింద పురుగులను ఏరి తింటాయి. ఈ గొలుసులో ఒక కొక్కెం ఊడితే ఖర్చు పెరుగుతుంది. ఆవును అమ్మేస్తే ఎరువు కొనాలి. జొన్న మానేస్తే మేత కొనాలి.

ఇదంతా చదివి ముచ్చటపడేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఈ వ్యవసాయంలో సెలవు లేదు. ఒకే పంట వేసినచోట విత్తేటప్పుడు, కోసేటప్పుడు పని ముంచుకొస్తుంది, మధ్యలో కాస్త ఊపిరి ఉంటుంది. ఇక్కడ ఆవుకు దసరా లేదు, గొర్రెకు ఆదివారం లేదు. పొద్దున ఐదింటికి పేడకళ్ళు ఎత్తడంతో మొదలై, పాలు, మేత, ఏడింటికి చేను, పదకొండింటికి సంగటి, ఎండ తగ్గాక మళ్ళీ నీళ్ళు కట్టడం, చీకటి పడ్డాక గొర్రెలను లెక్కపెట్టి దొడ్లో తోలడం. మాకు మొదటి పదిహేను రోజులు నడుము పట్టేసింది.

ఈ పని అంతా ఎవరు చేస్తారు? ఇంటి మనుషులు. అందులో సగానికి పైగా ఇంటి ఆడమనిషి. ప్రకృతి వ్యవసాయంలో ఎకరానికి ఇంత లాభం అని వేదికల మీద చెప్పేటప్పుడు ఆమె పనికి కూలి కట్టరు. లెక్కలో పెట్టుబడి తక్కువగా కనిపించడానికి ఒక కారణం అది. ఇప్పుడు ఇంటర్న్ వచ్చాడు. ఇంటర్న్ పనికీ కూలి కట్టకపోతే ఆ లాభం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న మిశ్రమ వ్యవసాయంలో ఇంటర్న్‌లు ఎందుకు కావాలంటున్నారో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పెద్ద చదువు అక్కరలేదు. మేము రాత్రిపూట రాసుకున్న లెక్క పుస్తకంలో అందుకే ఒక గడి ఎక్కువ గీశాం. ఎవరు, ఏ పనికి, ఎన్ని గంటలు. నెల తిరిగాక ఆ పుస్తకం చూసి ఆ ఇంటాయన చాలాసేపు మాట్లాడలేదు. "నేను చేస్తున్నానని అనుకుంటా ఉన్నా, చేస్తా ఉండేది మీ అక్క" అన్నాడు.

తెలిసిన పని, తెలియని నిర్ణయం

మన ఇళ్ళలో వ్యవసాయం రాని మనిషి లేడు. మా అమ్మలు కలుపు తీస్తే మేము ఇప్పటికీ వాళ్ళ వెనకే ఉంటాం. రెండాకుల మొలకను చూసి ఇది పంట, ఇది కలుపు అని చెప్పగలరు. అయినా ఏం విత్తాలి, ఎప్పుడు విత్తాలి, ఎంతకు అమ్మాలి అని వాళ్ళను జీవితంలో ఎవరూ అడగలేదు. కూలికి వెళ్ళినవాళ్ళకు ఏ పూట పని ఆ పూటకే. ఈరోజు ఒకరి చేనులో కలుపు, రేపు ఇంకొకరి చేనులో కాయ కోత. ఈ రెంటికీ మధ్య ఉన్న ఆలోచన భూమి ఉన్నవాడి దగ్గరే ఉండిపోయింది. తరతరాలుగా మన దగ్గర పని ఉంది, నిర్ణయం లేదు.

పొలంలో ఉండి నేర్చుకోవలసింది ఈ నిర్ణయాన్నే. ఒక ఉదాహరణ చెబుతాం. మృగశిర కార్తెలో మంచి వాన పడింది. పక్క చేలవాళ్ళు గొర్రు కట్టారు. మేమూ విత్తనాలు సిద్ధం చేశాం. ఆ ఇంటాయన పార తీసుకుని చేనులో నాలుగు చోట్ల తవ్వి చూశాడు. పదును జానెడు కూడా దిగలేదు. ఆగాడు. ఆరుద్రలో ఇంకొక వాన పడ్డాక విత్తాడు. మధ్యలో వచ్చిన బెట్టకు పక్క చేలల్లో మొలక పలచబడింది. తరగతి గదిలో మేము నేల తేమ గురించి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. కానీ విత్తనం చేతిలో పట్టుకుని, అందరూ విత్తుతుంటే ఆగడం ఎంత కష్టమో ఆరోజే తెలిసింది.

అన్ని నిర్ణయాలూ ఇలా కలిసిరావు. అదే మనిషి చేతిలో డబ్బు లేక మూడు పొట్టేళ్ళను పండగకు ముందే అమ్మేశాడు. పండగ వారంలో ధర బాగా పెరిగింది. వంకాయలు మండీకి వేస్తే కమిషను, బాడుగ పోను చేతికి ఏమీ మిగల్లేదు. అప్పుడు ఇంటామె గంపకెత్తుకుని చుట్టుపక్కల రెండు ఊళ్ళలో తిరిగి అమ్మింది. ఈ తప్పొప్పులన్నీ లెక్క పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. లాభం వచ్చిన రోజు ఒక్కటే చూపించి పంపితే మాకు ఇది చదువయ్యేది కాదు.

ఈ జ్ఞానం ఎక్కడో పై నుంచి దిగిరావాలని అనుకోకండి. జహీరాబాదు ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు వానాధారపు చెలకల్లో ఒకే చేనులో పదికి పైగా పంటలు కలిపి పండించి, విత్తనాన్ని ఇంట్లోనే దాచుకుని, ఊరికి విత్తనం ఇచ్చే స్థితికి వచ్చారు. ఒకప్పుడు ఇతరుల చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళే వాళ్ళు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నిర్ణయం చేతికి వస్తే మన అమ్మలు ఏం చేయగలరో చెప్పడానికి ఆ చేలు చాలు.

అంబేడ్కర్ 1918లో భారతదేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అనేది ఎకరాలతో మాత్రమే తేలదని, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, మనుషుల శ్రమ ఎంత అనే దాన్నిబట్టి తేలుతుందని అందులో వాదించారు. వందేళ్ళు దాటినా ఆ మాట మాకు ఆ నాలుగున్నర ఎకరాల్లో ప్రతి రోజూ గుర్తొచ్చింది. అదే నాలుగున్నర ఎకరాలు ఆవులు లేకుండా, గొర్రెలు లేకుండా ఒక్క పంటతో ఉంటే ఆ ఇద్దరికీ చాలేది కాదు.

ఊరికే చేయమంటే కుదరదు

ఇప్పుడు మా నాలుగోవాడి సంగతి. అతను వెళ్ళింది పెద్ద సమీకృత వ్యవసాయ క్షేత్రం. యజమాని పట్నంలో ఉంటాడు. పేరు రాయడం లేదు. రాస్తే అది ఆ ఒక్కచోటి సంగతి అయిపోతుంది, అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి.

అక్కడికి నగరాల నుంచి ఫీజు కట్టి వచ్చిన ఇంటర్న్‌లు కూడా ఉన్నారు. వాళ్ళకు పొద్దున రెండు గంటలు పని, తర్వాత తరగతి, సాయంత్రం చర్చ. మావాడు ఫీజు కట్టలేడు కాబట్టి పనికి బదులు భోజనం, వసతి అన్నారు. మొదటిరోజే ఊరు అడిగారు, ఇంటిపేరు అడిగారు. రెండోరోజు నుంచి కొట్టం పని అంతా అతనిదే. "నీకు అలవాటే కదా" అన్నారు. తరగతి జరిగే సమయానికి అతను మేత కోస్తుండేవాడు. అతని పళ్ళెం, గ్లాసు వేరేగా కిటికీ దగ్గర ఉండేవి. ఎవరూ ఏమీ అనలేదు, అలా ఉండేవి అంతే. విత్తన ఖర్చెంత, పాల ఆదాయమెంత అని అడిగితే "అవన్నీ నీకెందుకు" అన్నారు. నలభై రోజులుండి వచ్చేశాడు. ఇంట్లో వాళ్ళ నాయన ఒక్క మాటే అన్నాడట. "మీ తాతకు కనీసం ఏడాదికి ఇన్ని బస్తాలని చెప్పి పెట్టుకున్నారు రా."

ఇదీ మేము మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు. చేసిన పని రెండు చోట్లా ఒకటే. పేడ ఒకటే, పార ఒకటే. ఒకచోట లెక్క పుస్తకం మా ముందు తెరిచి పెట్టారు, ఒకే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి సంగటి పెట్టారు. ఇంకోచోట రెండూ లేవు.

కొందరు మిత్రులు అంటారు, నేర్చుకునేటప్పుడు డబ్బు అడగడం ఏమిటి అని. డాక్టరు చదువులో హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ ఉంది. కర్మాగారాల్లో అప్రెంటిస్‌కు 1961 నాటి చట్టం కింద స్టైపెండ్ ఉంది. పొలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడగకూడదా? ఇంట్లో చెల్లెలి పరీక్ష ఫీజుకు, నాయన మందులకు డబ్బు పంపవలసిన పిల్లవాడు ఆరు నెలలు ఊరికే పనిచేయలేడు. ఊరికే చేయగలిగినవాళ్ళకే ఈ చదువు అంటే అది మన కోసం పెట్టిన చదువు కాదు. చిన్న రైతు దగ్గర కూడా డబ్బు ఉండదు, మాకు తెలుసు. అందుకే ఆ స్టైపెండ్ రైతు మీద వేయకుండా ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో, కార్పొరేషనో ఇవ్వాలని అడుగుతున్నాం.

మా షరతులు

పొలానికి ఇంటర్న్‌గా వెళ్ళే తమ్ముళ్ళు, బాలికల హాస్టళ్ళ నుంచి వెళ్ళే చెల్లెళ్ళు ముందుగానే ఈ ఆరు సంగతులు మాట్లాడుకోవాలి.

1. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఏ పూట సెలవు అనేది కాగితం మీద రాసుకోవాలి. నోటిమాట ఎంత తీపిగా ఉన్నా సరే.

2. స్టైపెండ్ ఎంత, ఎవరిస్తారు, ఏ తారీఖున ఇస్తారు అనేది ముందే తేలాలి.

3. లెక్క పుస్తకం చూపాలి. ఖర్చు, ఆదాయం, నష్టం అన్నీ. ఇంటివాళ్ళ పని గంటలు కూడా అందులో రాయాలి.

4. మనకంటూ కొన్ని సెంట్ల నేల ఇవ్వాలి. ఏం విత్తాలో మనమే తేల్చుకోవాలి. పోతే మన చేతుల్లోనే పోవాలి, పండితే మన చేతుల్లోనే పండాలి. మాకిచ్చిన పది సెంట్లలో వేసిన బెండ బాగా వచ్చింది, టమాట సగం ఎండిపోయింది. రెండూ మాకు పాఠాలే.

5. పనులు వంతులవారీగా తిరగాలి. కొట్టం ఒకరికి, తరగతి ఒకరికి అనే ఏర్పాటుకు ఒప్పుకోవద్దు. తిండి దగ్గర, నీళ్ళ దగ్గర తేడా కనిపిస్తే ఆ రోజే సంచి సర్దుకోండి. ఊళ్ళో ఏం మాట్లాడుకున్నారో కాలేజీకి రాతపూర్వకంగా ఇవ్వండి.

6. ఆడపిల్లలకు తలుపు, గడియ ఉన్న గది, మరుగుదొడ్డి ఉండాలి. ఒక్కరినే కాకుండా ఇద్దరిని కలిపి పంపాలి.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. మేమున్న చోట ఇందులో చాలావరకు ఉన్నాయి. నాలుగున్నర ఎకరాల మనిషి ఇవ్వగలిగినవి పెద్దవాళ్ళు ఇవ్వలేరా?

నేర్చుకున్నాక భూమి ఏది?

ఇంతవరకు చదివినవాళ్ళు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అంతా నేర్చుకున్నారు సరే, మీకు చేను ఎక్కడుంది?

న్యాయమైన ప్రశ్న. వ్యవసాయ కళాశాలల్లో చాలా ఏళ్ళుగా రైతు కుటుంబాల పిల్లలకు 40 శాతం సీట్ల కోటా ఉంది. దానికి ఎకరం భూమైనా ఉన్నట్టు కాగితం చూపాలి. పొలంలోనే పుట్టి పొలంలోనే పెరిగిన కూలీ బిడ్డకు ఆ కాగితం లేదు కాబట్టి అతను రైతుబిడ్డ కాకుండా పోయాడు. తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2025లో ఆ కోటాలో కొంత భాగాన్ని భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేటాయించింది. ఆలస్యంగా వచ్చినా మంచి నిర్ణయం. మిగతా చోట్లా అడగాలి.

భూమి సంగతీ అంతే. అదే రాష్ట్రంలో 2014 ఆగస్టు 15న దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలైంది. కొన్ని కుటుంబాలకు అందింది, ఎక్కువమందికి అందలేదు. ఆంధ్ర వైపు డి.పట్టా భూములు వచ్చిన ఇళ్ళు మనలో కొన్ని ఉన్నాయి. ఆ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చినా, బోరు వేసుకునే డబ్బు లేక, ఎద్దులు లేక, అప్పు పుట్టక ఎన్నో ఎకరాలు చేతులు మారిపోయాయి. మిగిలినవి కొన్ని కంపచెట్లు మొలిచి పడి ఉన్నాయి. మా ఇళ్ళలో ఒకరికి అలాంటి ఎకరంన్నర ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని ఎందుకూ పనికిరాని గుట్టబోడు అనుకున్నాం. గొర్రె, ఆముదం, కంది, సీతాఫలం కలిపితే అది కూడా చేనే అవుతుందని ఇప్పుడు తెలుసు. వచ్చే తొలకరికి కంప కొట్టించి గట్టు వేస్తున్నాం.

అందుకని మేము అడిగేది ఒకటి. కార్పొరేషన్ రుణాలు, భూమి పథకాలు ఇచ్చేటప్పుడు ఇలా ఒక సీజను పొలం మీద నేర్చుకున్న హాస్టల్ పిల్లల కుటుంబాలకు ముందు చోటు ఇవ్వండి. భూమి ఇచ్చి నేర్పకపోతే భూమి పోతుంది. నేర్పి భూమి ఇవ్వకపోతే నేర్చినవాడు వలసపోతాడు.

అందరూ పొలానికే వెళ్ళాలని మేము అనడం లేదు. గ్రూప్స్ రాసేవాళ్ళు రాయాలి, సాఫ్ట్‌వేర్‌కు వెళ్ళేవాళ్ళు వెళ్ళాలి. కానీ 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల ఉద్యోగాలకు మన పిల్లలు చాలామంది ఎంపికయ్యారు. రేపు ఆ కుర్చీలో కూర్చునేవాడికి కూలికొచ్చిన మనిషినీ, గొర్రెలు కాసే మనిషినీ కూడా రైతుగా చూసే కన్ను ఉండాలి. ఒక సీజను చిన్న కమతం మీద ఉన్నవాడికి ఆ కన్ను వస్తుంది.

హాస్టల్ ఏం చేయగలదు

మన హాస్టల్ వెనక ఖాళీ స్థలం ఉంది. గిన్నెలు కడిగిన నీళ్ళు అక్కడే మురుగై దోమలకు నిలయమవుతున్నాయి. ఆ నీళ్ళకు నాలుగు మునగ చెట్లు, రెండు కరివేపాకు మొక్కలు, రెండు మళ్ళు ఆకుకూర వేయవచ్చు. నెల రోజులకు మెస్సులో పప్పులోకి తోటకూర వస్తుంది. అయితే ఇందులోనూ మా షరతు మారదు. ఇష్టమైనవాళ్ళే చేయాలి. శిక్షగా ఎవరినీ తోట పనికి పంపకూడదు. ఊడ్చే పని, కడిగే పని పిల్లల చేత చేయించిన హాస్టళ్ళ కథలు మనకు కొత్త కాదు. తోట ఆ జాబితాలో చేరకూడదు. ఏం వేయాలో పిల్లలే తేల్చాలి, వార్డెన్ గారు విత్తనాలు ఇప్పిస్తే చాలు. ఎంత ఖర్చయింది, ఎన్ని కట్టలు మెస్సుకు ఇచ్చాం అని గోడ మీద నల్లబల్ల పెట్టి పిల్లలే రాయాలి. పొలం లెక్క నేర్చుకోవడం అక్కడ మొదలవుతుంది. పూర్వ విద్యార్థుల్లో ఎవరైనా ఆ నల్లబల్ల, నాలుగు పారలు, ఒక నీళ్ళ పైపు కొనిస్తే మేము నలుగురం నెలకొక ఆదివారం వచ్చి తోడుంటాం.

తమ్ముళ్ళారా, ఎవరైనా మిమ్మల్ని పొలానికి ఇంటర్న్‌గా రమ్మంటే భయపడకండి, సిగ్గుపడకండి. మట్టి పని మనకు అవమానం కాదు. అవమానించింది మనుషులు, మట్టి కాదు. కాకపోతే బస్సు ఎక్కే ముందు ఒక్క మాట అడగండి. "అన్నా, మీ లెక్క పుస్తకం మాకు చూపిస్తారా?" చూపిస్తామంటే వెళ్ళండి. చూపించమంటే, మన తాతలు చేసిన పనికి కొత్త పేరు పెట్టారని అర్థం చేసుకుని ఇంకో చోటు వెతుక్కోండి.